పాలు పోసే ఇళ్ళు

స్థలం చూపించడానికి వచ్చిన మధ్యవర్తి వంగి ఇంత మట్టి తీసుకుని, పిడికిట్లో నలిపి, మా బామ్మర్ది ముక్కు దగ్గర పెట్టాడు.

“బంగారం సార్. విత్తనం విసిరి వెనక్కి తిరిగేలోపు మొలకొస్తుంది.”

మా బామ్మర్ది ఆ బంగారం వంక చూడనైనా చూడలేదు.

“ఇక్కడ ఆవుకి కడుపు ఉబ్బితే ఎవరొస్తారు?” అని అడిగాడు.

మధ్యవర్తి నా వైపు తిరిగాడు. ఈయన కొనేది పొలమా, ఆసుపత్రా అన్నట్టుంది ఆ చూపు. నేను నవ్వి ఊరుకున్నాను. బామ్మర్దిని నలుగురిలో వెక్కిరించే హక్కు బావకి ఉంటుంది గానీ, ఆ రోజు నాకు అలా చెయ్యబుద్ధి కాలేదు.

అతను మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. చదువైనప్పటినుంచీ పెద్దపెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే పని. తాడు లాగి చూడనిదే, బ్రేకు రెండుసార్లు పరీక్షించనిదే లిఫ్టు గోతిలో కాలు పెట్టని మనిషి. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. మా ఇంటికి భోజనానికొస్తే కూర్చోబోయే కుర్చీని ఒకసారి కదిపి చూసేవాడు. “ఒరేయ్, మీ అక్క కాపురానికి తెచ్చిన కుర్చీ అది, నాకంటే గట్టిది” అనేవాణ్ణి.

అలాంటివాడు చేతిలో ఉన్న పని మానేసి, పట్నంలో ఇల్లు అమ్మేసి, ఆవుల పాడి పెడతానన్నాడంటే దానికి కారణం ఒక మధ్యాహ్నం. వాళ్ళుండే భవనంలో అతని భార్య మెట్ల మీద జారిపడింది. కాలు విరిగింది. మెట్లకి అటో తలుపు, ఇటో తలుపు. ఆమె పిలుస్తూనే ఉంది. ఒక తలుపు వెనక టీవీ మాట్లాడుతూనే ఉంది. మా బామ్మర్ది పని ముగించుకుని వచ్చేదాకా ఆమె అక్కడే ఉంది. కాలు అతుక్కుంది గానీ కొద్దిగా కుంటు మిగిలింది. కుంటు కంటే పెద్దది ఇంకొకటి మిగిలింది. ఆ తర్వాత ఆమె ఏ తలుపు ముందు నుంచి వెళ్ళినా తల వంచుకుని గబగబా వెళ్ళేది. ఆమెను నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. ఎప్పుడూ గలగలలాడే పిల్ల. మాటలు తగ్గిపోయాయి.

“ఆవుల్ని ఎక్కడైనా పెంచొచ్చు బావా” అనేవాడు అతను. వాళ్ళ చిన్నప్పుడు మా మామగారికి రెండు ఆవులుండేవి, పాలు పితకడం తెలుసు. “నేను చూసేది చుట్టూ ఎలాంటి మనుషులున్నారని. మోటారు కాలిపోతే కొత్తది తెచ్చుకోవచ్చు. పక్కింటివాణ్ణి ఏ కొట్లో కొంటాం?”

నాది ఇనపసామాన్ల కొట్టు. మేకు నుంచి మోటారు దాకా అన్నీ ఉంటాయి. “నా దగ్గర లేని సరుకు అదొక్కటే” అన్నాను.

ఆ ఊరికి అతను ఒక్కసారి వెళ్ళి ఊరుకోలేదు. వాన పడుతున్నప్పుడు వెళ్ళాడు, దారి ఎక్కడ జారుతుందో చూడడానికి. మండుటెండలో వెళ్ళి బావిలోకి తొంగిచూశాడు. కరెంటు సంగతి కరెంటాఫీసులో అడగలేదు, పిండిమరలో అడిగాడు. “ఆఫీసువాళ్ళు ఉంటుందంటారు బావా, పిండిమరాయన ఎప్పుడు పోతుందో చెబుతాడు.” సెలవురోజు వెళ్ళి ఎంతమంది తాగి ఉన్నారో చూశాడు. ఒకరిద్దరున్నారట. “ఆ మాత్రం లేకపోతే అనుమానించాలి” అన్నాడు.

అలా తిరిగి తిరిగి ఊళ్ళో అతనికి ప్రశ్నలాయన అని పేరొచ్చింది.

పాలకేంద్రం నడిపే ఆవిడని ఊరంతా వదినా అని పిలిచేవారు. ఆవిడ ఎవరికి వదినో ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నా సాయంత్రమూ ఒక్కొక్క ఇంటివాళ్ళూ క్యాను తెచ్చి పోస్తే, కొలిచి, చల్లార్చే తొట్టిలో పోయించేది. వ్యాను వచ్చి పట్టుకెళ్ళేది.

“రోజుకి ఎన్ని పాలుంటే వ్యాను వస్తుంది?” అని అడిగాడు మా బామ్మర్ది.

“ఎన్నైతే కావాలో అంతకంటే ఎక్కువే ఉంటాయి తమ్ముడూ. నేను కూర్చున్నప్పటినుంచీ వ్యాను ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. మా ఆయనే ఎగ్గొడతాడు పని.”

కేంద్రం పక్కగదిలోనే పశువుల డాక్టరు. కుర్రాడే. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో ఎప్పుడూ సగం తిన్న బిస్కెట్టు. ఎప్పుడు పిలిచినా వస్తాడని అందరూ చెప్పారు. స్థలానికి ఆనుకుని ఉన్న ఇల్లు మీసాలాయనది. ఆ మీసం గడ్డిమోపులా ఉండేది. ఆయన మా బామ్మర్ది ప్రశ్నలన్నీ విని, “నువ్వు పెళ్ళికి ముందు మీ ఆవిడనీ ఇన్ని అడిగావా?” అన్నాడు.

“అడగలేదండీ. అందుకే ఇప్పుడు జాగ్రత్త పడుతున్నా.”

మీసాలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “చూడబ్బాయ్, మా ఊళ్ళో ఆవు ఈనుతోందంటే పిలుపులుండవు. తెలిసినవాడల్లా వస్తాడు. ఇవాళ నీ దొడ్లో దూడని లాగితే రేపు నా దొడ్లో నువ్వు లాగుతావు. ఇందులో గొప్పేం లేదు.”

అన్నీ సరిపోయాయి. అయినా ఆఖరి పరీక్ష మా చెల్లెమ్మ చేసింది. ఎవరికీ చెప్పకుండా ఒక వీధిలోకి వెళ్ళి, తెలియని ఇంటి తలుపు తట్టి మంచినీళ్ళడిగింది. ఎంతసేపు ధైర్యం కూడగట్టుకుందో నాకు తెలీదు. చేతులకి పాలనురగతో ఒక పెద్దామె దొడ్లోంచి వచ్చింది.

“తలుపు తీసే ఉందిగా, కొడతావెందుకూ? చెక్క నొచ్చుకోదూ?” అని కసిరిందట. నీళ్ళిచ్చి, ఎవరమ్మాయివి అని అడిగి, కుంటు చూసి, కాలికేమైందని అడిగి, చెప్పిందంతా విని, ఆ భవనంలో వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టిందట. మా చెల్లెమ్మ ఏడ్చిన కళ్ళతో తిరిగొచ్చి “ఇక్కడే ఉందాం” అంది. ఆ తర్వాత మా బామ్మర్ది ఇంకో ప్రశ్న అడగలేదు.

*

రేకుల పాక లేచింది. సిమెంటు గచ్చు, నీళ్ళ తొట్లు, ఎండుగడ్డికి వేరే కొట్టు. బోల్టులూ కమ్మీలూ అన్నీ నా కొట్లోంచే వెళ్ళాయి. ఇక ఆవుల్ని కొనాలి. దూరపు సంతకి వెళ్ళాలని అతని ఆలోచన.

సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలిసింది. వాళ్ళకి నచ్చలేదు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

“సంతలో ఆవా?” అన్నాడు మీసాలాయన. “పొద్దున పితక్కుండా ఉంచి పొదుగు ఇంత చేసి చూపిస్తారు. ఇంటికొచ్చాక చూస్తే గాలి.”

“కొత్త నీళ్ళు పడక సగం పోతాయి” అంది వదిన.

మా చెల్లెమ్మకి నీళ్ళిచ్చిన పెద్దమ్మ చివర్లో గోడకానుకుని కూర్చుని ఉంది. ఆవిడ అంది: “ఎక్కడికో ఎందుకూ? నా తెల్లదాన్ని తీసుకెళ్ళండి. నాకు మోకాళ్ళు వంగడం లేదు. మన ఊరిని నమ్మి వచ్చిన పిల్లలు. సంతలో మోసపోతే మనకి తలవంపులు కాదూ?”

పెద్దమ్మ ఇచ్చాక మీసాలాయన వెనకబడతాడా? తన జతని ఇచ్చాడు. వదిన తన ఎర్రావుని ఇచ్చింది. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. ఇద్దరు ముగ్గురు మాత్రం కాస్త ఆలోచించారు, వాళ్ళూ వారం తిరిగేసరికి తోలుకొచ్చారు. మా బామ్మర్ది ఎవరి దగ్గరా బేరమాడలేదు. బయటివాడు వచ్చి చవగ్గా కొట్టేశాడన్న మాట రాకూడదని అతని పట్టుదల. వాళ్ళకి మంచి ధర వస్తే తనకి మంచి మాట దక్కుతుందనుకున్నాడు.

నీళ్ళు అలవాటే, గాలి అలవాటే. ప్రతి ఆవు జాతకమూ ఊరందరికీ తెలుసు. ఏది తన్నుతుందో, ఏది దొంగతిండి తింటుందో అడక్కుండానే చెప్పారు. ఆఖరి ఆవు పాకకి చేరిన మర్నాడు పొద్దున్న దేవుడి ముందు కూర్చుని, ఇంత చక్కగా కుదిర్చినందుకు కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టుకున్నాను. నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఇదే. ఆ రోజుల్లో అక్కడ ఒక్కరి మనసులోనైనా చెడు తలపు లేదు. ఇచ్చినవాళ్ళు మంచికే ఇచ్చారు, తీసుకున్నవాడు మంచికే తీసుకున్నాడు. మంచి విత్తితే మంచి పండుతుందని చిన్నప్పటినుంచీ విన్నాను, పిల్లలకీ అదే చెప్పాను.

మొదట్లో అంతా నవ్వులే. పెద్దమ్మ తెల్లావు పాకలో ఉండేది గానీ ఎవరికీ చేపేది కాదు. పొదుగు నిండా పాలుంటాయి, మా చెల్లెమ్మ ఎంత నిమిరినా చుక్క దింపదు. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, దాని వీపు మీద చెయ్యి వేసి “ఏమే, సిగ్గులేదూ? అత్తారింటికొచ్చి ఇంకా పుట్టింటి పాటేనా?” అని తిడితే చాలు, ధారలు కట్టేవి. రోజూ రెండు పూటలా వచ్చేది. అమ్మేశాక కూడా పని తప్పలేదని మీసాలాయన ఎగతాళి చేసేవాడు. ఆవిడా మా చెల్లెమ్మా పాకలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకునేవారు. మా చెల్లెమ్మ గలగల మళ్ళీ మొదలైందని మా ఆవిడ ఫోన్లో విని మురిసిపోయింది.

*

ముందుగా మారినవి ఆవులిచ్చినవాళ్ళ పొద్దులు. అది ఎవరూ గమనించలేదు.

ఆవున్న ఇంట్లో తెల్లవారకముందే లేవాలి. రెండు పూటలా పితకాలి. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా సాయంత్రానికి ఇల్లు చేరాలి. మీసాలాయన ఒకసారి నాతో అన్నాడు: “తాడు ఆవు మెడకే ఉందనుకుంటాం అన్నగారూ. రెండో కొస మన కాలికే ఉంటుంది. ఇప్పుడు తెలుస్తోంది.” దూరంగా ఉన్న బట్టల కర్మాగారం బస్సు పనివాళ్ళ కోసం పెద్ద రోడ్డు మీదకి వచ్చేది. ఎప్పటినుంచో వస్తోంది, ఎక్కే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు ఎక్కసాగారు. గట్ల మీద గడ్డి పెంచేవాళ్ళు మానేశారు, వాళ్ళకి దాంతో పనేముంది? మా బామ్మర్ది గడ్డి బయటినుంచి తెప్పించుకోవలసి వచ్చింది.

పెద్దమ్మ కూతురు వేరే ఊళ్ళో ఉండేది. వచ్చి ఉండమని ఎన్నేళ్ళుగానో పోరుతోంది. “ఇన్నాళ్ళూ ఆవుందే తల్లీ అని తప్పించుకున్నా. ఇప్పుడేమని చెప్పను?” అంది పెద్దమ్మ మా చెల్లెమ్మతో. తెల్లావు అప్పటికి చూలుతో ఉంది. “ఇది ఈనేసరికి వచ్చేస్తాలే” అని దాని మూతి రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో చెప్పి, తలుపుకి తాళం వేసి వెళ్ళింది. ఆ తాళం నా కొట్లోదే. నేనే తెచ్చిచ్చాను. ఆవిడ ఇంటికి అంతకుముందు తాళమంటూ ఉండేది కాదు.

ఆ తర్వాత పాల సంఘం పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కేంద్రం అరుగు మీద కూర్చుని, పాలు పోసే సభ్యులెంతమంది అని అడిగాడు. వదిన ఒకసారి మా బామ్మర్ది వైపు చూసి, తల దించుకుంది.

“ఇప్పుడైతే ఈయనొక్కరేనండీ. ఊళ్ళో ఆవులన్నీ ఈయన దగ్గరే ఉన్నాయి.”

“కనీసం పది ఇళ్ళు పొయ్యాలి. లేకపోతే కేంద్రం ఉంచలేం.”

“పాలు తగ్గలేదండీ” అన్నాడు మా బామ్మర్ది. “కావాలంటే కొలవండి. ఒక్క లీటరు తగ్గలేదు.”

ఆయన మంచివాడే, విసుక్కోలేదు. “పాలకి కాదండీ మేం కేంద్రం పెట్టేది, సంఘానికి. సంఘమంటే మనుషులు కదా. ఒక్కరి పాల కోసం వ్యాను ఇంతదూరం పంపాలంటే మా పైవాళ్ళు ఒప్పుకోరు. మీరు సొంతంగా పట్నానికి తోలుకోవచ్చు.”

వ్యాను ఆగిపోయింది. చల్లార్చే తొట్టిని లారీలో వేసుకుని వెళ్ళిపోయారు. డాక్టరు కూడా బూట్లు సంచిలో పెట్టుకుని చెప్పడానికి వచ్చాడు. “సంఘంవాళ్ళు అర్జీ పెట్టుకుంటే నన్నిక్కడ వేశారు సార్. సంఘం లేకపోతే నా కుర్చీ లేదు. ఫోన్ చెయ్యండి, వీలైతే వస్తాను.” కొత్త చోటు చాలా దూరం. ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడని మా చెల్లెమ్మ చెప్పింది.

వదిన కూడా బస్సెక్కింది.

మా బామ్మర్ది ఆ వారం మా ఇంటికొచ్చాడు. కుర్చీ కదిపి చూడకుండా కూలబడ్డాడు. “బావా, అవే ఆవులు. అవే పాలు. దారి అదే, కరెంటు అదే. అన్నీ చూశాను. ఎన్ని లీటర్లుండాలని అడిగాను గానీ ఎన్ని ఇళ్ళుండాలని అడగలేదు. ఆ ఇళ్ళని నేనే ఒక్కొక్కటీ...” అని ఆపేశాడు. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

మా వీధిలో నాలుగు ఇనపసామాన్ల కొట్లుండేవి. ఒకటొకటే మూతపడుతుంటే బేరం నాకే వస్తుందనుకున్నాను. నేనొక్కణ్ణే మిగిలాక అసలు ఆ వీధికి ఇనుము కోసం రావడమే మానేశారు జనం. ఇదంతా అతనికి అప్పుడు చెప్పి లాభమేముంది? “దేవుడే చూసుకుంటాడు” అన్నాను. ఆ మాట అన్నాక నాకే చప్పగా అనిపించింది.

పాలు పట్నానికి తనే తోలాడు. ఎండలో సగం దారికే విరిగిపోయేవి. విరిగిన పాలని రోడ్డుపక్క పారబోసి వచ్చేవాడు. పెద్దమ్మ లేని తెల్లావు ఎప్పుడో వట్టిపోయింది.

*

తెల్లావు ఈనే రోజుకి నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం, వస్తానన్న పెద్దమ్మ మాత్రం రాలేదు. పొద్దెక్కాక నొప్పులు మొదలయ్యాయి. ముందు ఉమ్మనీటి సంచి పగిలింది, తర్వాత రెండు గిట్టలు కనబడ్డాయి. అక్కడే ఆగిపోయింది. మా బామ్మర్ది చెయ్యి కడుక్కుని లోపలికి పెట్టి చూశాడు. తల ముందుకి లేదు, పక్కకి వాలిపోయి ఉంది.

డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆ అబ్బాయి ఇంకో ఊళ్ళో ఇంకో ఆవు దగ్గర ఉన్నాడు. ఎలా తిప్పాలో ఫోన్లోనే చెప్పసాగాడు. మా చెల్లెమ్మ మా బామ్మర్ది చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది.

“మనుషులు కావాలి అన్నయ్యా” అంది నాతో. “పట్టుకోడానికి, లాగడానికి. వీధిలో చూసి రండి.”

నేను వీధిలోకి పరిగెత్తాను. నా వయసుకి దాన్ని పరుగనకూడదు. తట్టిన తలుపు తట్టినట్టే ఉంది. వాళ్ళు తియ్యకపోవడం కాదు, లోపలెవరూ లేరు. బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. ఒక ఇంట్లో కాళ్ళు రాని ముసలాయన మంచం మీదనుంచి “ఎవరి ఆవు నాయనా?” అని అడిగాడు. పెద్దమ్మగారి తెల్లావు అన్నాను. “అయ్యో, దానికి కిందటిసారీ అడ్డంగానే వచ్చింది. నలుగురు లాగారు. నేను తోక పట్టుకున్నాను” అన్నాడు.

ఊరంతటికీ మీసాలాయన ఒక్కడే దొరికాడు. నడుం నొప్పని ఆ రోజు పనికి వెళ్ళలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. వచ్చినవాడు ఒకసారి అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ రావడం లేదని అప్పుడే అర్థమైనట్టుంది.

“మనమేనా?” అన్నాడు.

మేమే. తల తిప్పేసరికే చాలా పొద్దుపోయింది. తాడు కట్టి లాగాం. మా చెల్లెమ్మ కుంటికాలు గోడకి తన్నిపెట్టి లాగింది. మా ఆవిడ ఆవు తల ఒళ్ళో పెట్టుకుని, తనకి తెలిసిన దేవుడి పేర్లన్నీ చదువుతూ కూర్చుంది. దూడ వచ్చింది. ఆడది. ఒళ్ళంతా తెలుపు, నుదుట మాత్రం నల్లగా వేలిముద్రంత. మీసాలాయన దాని ముక్కులోంచి జిగురు లాగేసి, కాళ్ళు పట్టి తలకిందులుగా ఊపి, ఛాతీ రుద్ది, చివరికి తన నోటితో దాని ముక్కులోకి ఊదాడు. మీసమంతా తడిసిపోయింది. ఊదుతూనే ఉన్నాడు.

“ఇక వదిలెయ్యండి” అన్నాడు మా బామ్మర్ది.

ఆవు లేచి నిలబడి దాన్ని నాకడం మొదలుపెట్టింది. మేం ఎవరం దాన్ని ఆపలేకపోయాం.

*

మర్నాటి సాయంత్రం, బస్సు దిగి జనం ఇళ్ళు చేరాక, మా బామ్మర్ది నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఎవరి ఆవుల్ని వాళ్ళకి తిరిగిచ్చేస్తాడట. డబ్బు వద్దట. ఊరికే ఇస్తాడట. పది ఇళ్ళు పాలు పోస్తే వ్యాను వస్తుంది, వ్యాను వస్తే డాక్టరు వస్తాడు. రాత్రంతా అదే ఆలోచించినట్టున్నాడు, ముఖంలో ఆశ కూడా కనబడింది.

మీసాలాయన మమ్మల్ని కూర్చోబెట్టి, విన్నాడు. తర్వాత లేచి దొడ్డివైపు తీసుకెళ్ళి చూపించాడు. ఆవులపాకకి గోడ కట్టేసి గది చేశారు. కర్మాగారంలో పనిచేసే ఒక జంట అద్దెకుంటున్నారు.

“ఎక్కడ కట్టను చెప్పు? అదొక్కటే కాదబ్బాయ్.” గొంతు తగ్గించాడు. “మా ఆవిడ ఇప్పుడు తెల్లారాక లేస్తోంది. పెళ్ళయినప్పటినుంచీ దానికి తెల్లారేదాకా నిద్ర తెలీదు. నన్ను దాన్ని మళ్ళీ లేపమంటావా?”

మా బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు. “వద్దండీ. లేపకండి.”

వదిన తన చేతులు చాపి చూపించింది. “పితికి పితికి వేళ్ళు కొంకర్లు పోయాయి తమ్ముడూ. ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి. ఎర్రదాన్ని తల్చుకుంటే ఏడుపొస్తుంది. కానీ తీసుకోలేను. నన్ను తిట్టుకో.”

“తిట్టుకోవడానికేం ఉంది వదినా?”

ఒక్క తలుపు కూడా మూసుకోలేదు. ప్రతి ఇంట్లోనూ కూర్చోమన్నారు, తాగడానికి ఇచ్చారు, మా చెల్లెమ్మ కాలు ఎలా ఉందని అడిగారు. దూడ సంగతి విని నిజంగా బాధపడ్డారు. ఒకాయన ఆదివారాలు వచ్చి పేడ ఎత్తిపెడతానన్నాడు. ఆవుని మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఎవరి కారణం వాళ్ళకుంది, ప్రతిదీ న్యాయంగానే ఉంది. వెనక్కి నడుస్తుంటే వీధి దీపాలు వెలిగాయి. “మంచివాళ్ళు బావా” అన్నాడు మా బామ్మర్ది. “నేను సరిగ్గానే చూశాను. మంచివాళ్ళే.”

ఆ రాత్రి పడుకోబోయే ముందు, ఇందులో తప్పెవరిదని దేవుణ్ణి అడగాలనుకున్నాను. ఎవరి పేరైనా వినబడుతుందేమోనని భయమేసి, అడక్కుండానే పడుకున్నాను.

*

దూరాన పెద్ద పాడి ఉన్నవాళ్ళు ఆవులన్నిటినీ కొనుక్కున్నారు. ఆ చోటు మంచిదేనని మా బామ్మర్ది వెళ్ళి చూసొచ్చాడు, ఎప్పటిలాగే అన్ని ప్రశ్నలూ అడిగి. వాళ్ళు పంపిన లారీ పెద్దది, వీధిలోకి తిరగలేదు. పెద్ద రోడ్డు మీద ఆపుకున్నారు. ఆవుల్ని అక్కడిదాకా నడిపించుకెళ్ళాలి. వాటితోపాటు తామూ ఆ ఊరు వదలాలని వాళ్ళిద్దరూ అప్పటికే నిర్ణయించుకున్నారు. మా మేడమీది గది మా ఆవిడ కడిగించి ఉంచింది.

సెలవురోజు. జనమంతా ఇళ్ళల్లోనే ఉన్నారు. ముందు మా బామ్మర్ది, మధ్యలో మా చెల్లెమ్మ, చివర తెల్లావు పలుపు పట్టుకుని నేను.

వీధి మొదట్లోకి రాగానే ఎర్రావు ఆగింది. తలెత్తి గాలి పీల్చి, ఎవరినీ అడక్కుండా వదినగారి దొడ్లోకి నడిచింది. మా చెల్లెమ్మ “ఏయ్, ఏయ్” అంటూ దాని వెంట వెళ్ళేలోపు మీసాలాయన జత అటు తిరిగింది. రెండూ పక్కపక్కనే వెళ్ళి, కొత్తగా సున్నం వేసిన గోడ ముందు నిలబడ్డాయి. ఒకటి ముట్టెతో గోడని నెట్టి చూసింది. ఆ గది కిటికీలోంచి అద్దెకున్న అమ్మాయి బిత్తరపోయి చూస్తోంది. తర్వాత ఒక్కొక్కటీ, ఏ ఇంటిది ఆ ఇంటికి. వీధి మధ్యలో ఖాళీ తాళ్ళు పట్టుకుని మా బామ్మర్ది ఒక్కడే మిగిలాడు.

ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. వదిన ఎర్రావు గంగడోలు నిమురుతూ, ముఖం దాని మెడకానించి నిలబడింది. మీసాలాయన భార్య రెండు బకెట్లతో నీళ్ళు తెచ్చి గోడ ముందు పెట్టింది.

నా చేతిలో తెల్లావు కూడా లాగింది. వదిలితే ఎక్కడికెళ్తుందో తెలుసు, అయినా వదిలాను. అది పెద్దమ్మ వాకిట్లోకి వెళ్ళింది. గడపకి ఇటువైపు మోకాలెత్తున పచ్చగడ్డి పెరిగి ఉంది. ఆవు ఒకసారి తాళం వేసిన తలుపు వైపు చూసి, అరిచి, కాసేపు చెవులు నిక్కించి నిలబడింది. తర్వాత తల వంచి మేయడం మొదలుపెట్టింది.

పెద్ద రోడ్డు మీద లారీవాడు హారన్ కొట్టాడు. మా బామ్మర్ది నా దగ్గరకొచ్చి పలుపు అందుకోబోయి ఆగాడు.

“తిననివ్వు బావా” అన్నాడు.

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. హారన్ మళ్ళీ మోగింది. అది గడప పక్కన గడ్డి అంతా అయ్యేదాకా మేసింది.